అద్దం లైట్లు ఊడి పడుతున్నాయా? ముందు బల్బు తిప్పి చూడండి

డ్రెస్సింగ్ టేబుల్ అద్దానికి అంటించే బల్బుల సెట్టు కొన్న వారానికల్లా ఫోన్ వస్తుంది: "అన్నా, ఒక్కొక్కటే ఊడి పడుతున్నాయి." ఊడిన బల్బు వెనక ఎలా ఉందని అడిగితే ఎవరూ చూసి ఉండరు. అప్పటికే అంగడికి పోయి ఇంకో టేపు తెచ్చుకొని ఉంటారు. ఆ టేపు కూడా వారమే ఉంటుంది.

డబ్బులు ఖర్చు పెట్టే ముందు పడిన బల్బును తిప్పి, ట్యూబ్‌లైటు కింద పట్టుకొని చూడండి. కారణం అక్కడే తెలుస్తుంది.

టేపు అద్దం మీదే ఉండి, బల్బు ఒక్కటే వచ్చేసింది

బల్బు వెనక ప్లాస్టిక్ మీద జిడ్డు ఉంది. స్పిరిట్‌తో తుడిచి కొత్త టేపు ముక్క వేస్తే సరి.

టేపు నిలువునా చీలి, సగం అటు సగం ఇటు ఉంది

జిగురు బాగానే పట్టింది, వైరే లాగుతోంది. డబ్బాలో చుట్టి వచ్చిన వైరు ఆ వంపును అంత సులువుగా వదలదు. అంటించే ముందు ఒక రోజు చుట్ట విప్పి వేలాడదీయండి. బల్బుకు బల్బుకు మధ్య వైరు కొంచెం వదులుగా ఉండాలి. మూలల దగ్గర వైరుకు విడిగా చిన్న టేపు వేయండి.

టేపు మొత్తం బల్బుతోనే వచ్చింది, అద్దం మీద ఏమీ మిగల్లేదు

ఎక్కువ ఇళ్లలో జరిగేది ఇదే. "బాగా తుడిచినాం కదన్నా" అంటారు. తుడిచిన మాట నిజమే, చిక్కంతా ఆ తుడవడంలోనే ఉంది.

ఆ టేపు జిగురు వైపు వేలితో తాకండి. అంటుకోకుండా పొడిపొడిగా, పల్చని తెల్లటి పొర పట్టి ఉంటుంది. అందరూ దాన్ని ఫేస్ పౌడర్ అనుకుంటారు. కింది వరుస బల్బుల దగ్గర కొంత పౌడర్ నిజంగానే ఉంటుంది. కానీ పై వరుసలో కూడా అదే తెలుపు కనిపిస్తే అది బోరు నీళ్ల సున్నం.

మన అనంతపురంలో పీఏబీఆర్ (పెన్నా అహోబిలం రిజర్వాయరు) నీళ్లు వచ్చినా, ఇంటి వాడకానికి చాలామందికి బోరే దిక్కు. హీటర్ రాడ్డుకు, కుళాయి మూతికి పట్టే తెల్లటి పెచ్చు సంగతి అందరికీ తెలుసు. అదే నీళ్లలో ముంచిన గుడ్డతో ప్రతి వారం అద్దం తుడుస్తుంటే నీళ్లు ఆరిపోతాయి, సున్నం అద్దం మీదే ఉండిపోతుంది. ముఖం చక్కగా కనిపిస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. లైటు ఆర్పి, సెల్ టార్చి అద్దానికి పక్కగా ఆనించి వేస్తే మాత్రం గుడ్డ తిరిగిన గీతలన్నీ బయటపడతాయి. టేపు అంటుకున్నది ఆ పొరకే తప్ప అద్దానికి కాదు. పొర లేచినప్పుడు బల్బూ లేస్తుంది.

ఎండాకాలం అయితే "వేడికి జిగురు కరిగిందిలే" అని తేల్చేస్తారు. నేను మాత్రం ముందు కూలర్ ఎటు తిరిగి ఉందో చూస్తాను. బోరు నీళ్లు పోసిన కూలర్ అద్దానికి ఎదురుగా ఉంటే, గాలితో పాటు వచ్చే సన్నటి తుంపర ఆరి చుక్కలు చుక్కలుగా సున్నం మిగులుతుంది.

ఇక్కడ స్పిరిట్ ఒక్కటే చాలదు. అది జిడ్డును తీస్తుంది గానీ సున్నాన్ని కదపలేదు. "స్పిరిట్ కూడా వేసినాం, అయినా ఊడింది" అనేవాళ్ల కథ ఇదే. సున్నాన్ని పులుపు కరిగిస్తుంది. తెల్ల వెనిగర్‌లో అంతే ఆర్వో నీళ్లు కలిపి, గుడ్డను తడిపి గట్టిగా పిండి, బల్బులు వచ్చే చోట రుద్దండి. రెండు నిమిషాలు ఆగి, ఆర్వో నీళ్ల గుడ్డతో తుడవండి. పొరపాటున కూడా మళ్లీ కుళాయి నీళ్లు వాడొద్దు. ఆరాక మెడికల్ షాపులో దొరికే స్పిరిట్‌తో చివరిసారి తుడిచి, ఇక ఆ చోట వేలు పెట్టకండి. వెనిగర్‌ను అద్దం మీద నేరుగా చల్లొద్దు. అంచు నుంచి వెనక్కి దిగితే కళాయి చెడిపోయి నల్ల మచ్చలు వస్తాయి, అవి ఇక పోవు.

కూలర్ ఆపి, ఒక్కో బల్బును అర నిమిషం గట్టిగా నొక్కి అంటించండి. వైరు తగిలించి లాగి చూసే తొందర వద్దు. ఈ రకం ఫోమ్ టేపు జిగురు పూర్తిగా పట్టడానికి 72 గంటలు పడుతుంది, 24 గంటలకు చాలా వరకు పడుతుంది. ఊడిన పాత టేపునే మళ్లీ నొక్కడం దండగ. ఫెవిక్విక్ కూడా వద్దు. అద్దం మీద పెళుసుగా ఎండి, చిన్న దెబ్బకే వదిలేస్తుంది.

మిగతా బల్బులను తీసి మళ్లీ అంటించాలంటే చాకు పెట్టొద్దు. హెయిర్ డ్రయ్యర్‌తో కొంచెం వేడి చేసి, గట్టి నైలాన్ దారాన్ని బల్బు వెనక రంపంలా అటూ ఇటూ లాగితే వచ్చేస్తుంది.

మసకగా వెలుగుతున్నాయి, లేదా మినుకుమినుకుమంటున్నాయి

దేనికి గుచ్చారో చూడండి. సెట్టు మీద 5 వోల్టులు, 2 ఆంపియర్లు అని రాసి ఉంటే, టీవీ వెనక యూఎస్‌బీ రంధ్రం ఇచ్చే అర ఆంపియర్ దానికి ఏ మూలకు? 2 ఆంపియర్ల సెల్ చార్జర్ పెట్టండి. ప్లగ్గు దూరమని సన్నటి యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ వేసి ఉంటే దాన్ని తీసేయండి. ఆ సన్న వైర్లలోనే వోల్టేజీ తగ్గిపోతుంది. పొడవు కావాలంటే 230 వోల్టుల వైపు మంచి ఎక్స్‌టెన్షన్ బోర్డు వాడి, చార్జర్‌ను అద్దం దగ్గరికి తెచ్చుకోండి.

కంటికి బాగుండి ఫోన్ వీడియోలో మాత్రమే గీతలు కదులుతుంటే అది డిమ్మర్ (వైరు మీద ఉండే, వెలుతురు తగ్గించి పెంచే స్విచ్చు) పని. వెలుతురు ఫుల్‌లో పెట్టి తీయండి.

అసలు వెలగడం లేదు

చార్జర్‌తో సెల్ ఎక్కుతోందా చూడండి. ఎక్కుతుంటే బల్బులకు, డిమ్మర్‌కు మధ్య ఉన్న పిన్నును గట్టిగా నొక్కండి. సెట్టుకు ఉన్నది టైప్-సీ రంధ్రమైతే, రెండు వైపులా టైప్-సీ ఉన్న కేబుల్‌తో కొన్ని చవక సెట్లు వెలగవు. ఒక వైపు మామూలు పెద్ద యూఎస్‌బీ ఉన్న కేబుల్ పెట్టి చూడండి.

ఒక్క బల్బే పోతే ఎక్కువ సెట్లలో మిగతావి వెలుగుతూనే ఉంటాయి. డిమ్మర్ లోపలి బోర్డే కాలిపోవడం అరుదు. కాలితే విప్పి బాగుచేసే ఖర్చుకు కొత్త సెట్టే వస్తుంది.