బెంటన్‌విల్ కొండదారుల్లో సైకిల్: మొదటి రెండు నెలలు ఎలా మొదలుపెట్టాలి

వాల్‌మార్ట్ ఉద్యోగాల పుణ్యమా అని, ఆర్కన్సాస్ రాష్ట్రంలో వాయవ్య మూలన ఉన్న బెంటన్‌విల్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు చాలానే స్థిరపడ్డాయి. కొత్తగా వచ్చినవారికి ఇక్కడ మొదట వింతగా తోచేది ఒకటుంది. ఊరు దాటితే పశువుల బీళ్లు, కోళ్ల షెడ్లు, ఓక్ చెట్ల అడవులు తప్ప పెద్దగా ఏమీ లేని ఈ పల్లెపట్టులో, ఏ కారు వెనుక చూసినా లావుపాటి టైర్ల సైకిలొకటి వేలాడుతూ కనిపిస్తుంది. 2007 ప్రాంతంలో స్లాటర్ పెన్ అనే లోయలో కొన్ని మైళ్ల మట్టిదారితో మొదలైన ఈ వ్యవహారం, వాల్‌మార్ట్ వ్యవస్థాపకుడు శామ్ వాల్టన్ మనుమలు టామ్, స్టూవర్ట్‌ల ఆసక్తి వల్ల, వాల్టన్ కుటుంబ ఫౌండేషన్ నిధుల వల్ల ఓజార్క్ కొండల్లోకి నాలుగు దిక్కులా పాకి, చివరికి ఆ ఊరు తనను ప్రపంచ మౌంటెన్ బైకింగ్ రాజధానిగా చెప్పుకునే దాకా వచ్చింది. ఆ బిరుదు సంగతి ఎలా ఉన్నా, ఈ ఊరి దారులకు టికెట్టూ లేదు, గేటూ లేదు. ఊరి నడిబొడ్డున ఉండేవారు ఇంటి నుంచి సైకిల్ మీదే బయలుదేరి నిమిషాల్లో అడవిలోకి వెళ్లిపోవచ్చు.

ఇంత అందుబాటులో ఉన్నా మనవాళ్లలో చాలామంది రెండు చోట్ల ఆగిపోవడం చూశాను. కొందరు ఖరీదైన మౌంటెన్ బైకు కొని, ఫేయెట్‌విల్ నుంచి బెల్లా విస్టా వరకు దాదాపు 40 మైళ్లు సాగే రేజర్‌బ్యాక్ గ్రీన్‌వే అనే నున్నటి దారి మీదే సంవత్సరాల తరబడి తొక్కుతుంటారు. మరికొందరు ఆఫీసు మిత్రుల మాట మీద మొదటి శనివారమే రాళ్ల దిగుడులోకి దిగి, మోకాలు చీరుకుపోయి, సైకిల్‌ను గ్యారేజీ గోడకు తగిలించేస్తారు. ఈ రెంటికీ నడుమ ఒక వరుస ఉంది. ఆ వరుసలో వెళితే నలభై దాటినవారికి కూడా రెండు నెలల్లో కొండదారి చేతికి వస్తుంది.

ముందుగా దారి మొదట్లో పాతిన బోర్డు చదవడం అలవాటు చేసుకోవాలి. మంచు మీద స్కీయింగ్ చేసే వాలుల నుంచి అరువు తెచ్చుకున్న గుర్తులివి: ఆకుపచ్చ వృత్తం కొత్తవారికి, నీలం చతురస్రం కాస్త అనుభవం ఉన్నవారికి, పేకముక్కల్లోని డైమండు ఆకారంలో ఉండే నల్ల గుర్తు బాగా ఆరితేరినవారికి, అలాంటి నల్ల గుర్తులు రెండు కనిపిస్తే అది మనకు చూసి ఆనందించడానికి మాత్రమే. ఈ కొలత ఎక్కడికక్కడ మారుతుందని మరిచిపోకూడదు. డాలస్ దగ్గరి మట్టిదారుల్లో నీలం గుర్తును సునాయాసంగా తొక్కినవారు, ఓజార్క్ రాళ్ల మీద అదే నీలం గుర్తు చూసి తడబడడం మామూలే. ఫోనులో ట్రెయిల్‌ఫోర్క్స్ యాప్ పెట్టుకుని, ఆ ప్రాంతపు పటాన్ని ఇంట్లోనే దింపుకుని వెళ్లండి, ఎందుకంటే లోయల్లో సిగ్నల్ అందదు.

సైకిల్ విషయంలో తొందర వద్దు. ముందు చక్రానికి మాత్రమే సస్పెన్షన్ ఉన్న హార్డ్‌టెయిల్ మొదటి ఏడాదికి నిక్షేపంగా సరిపోతుంది. రెండు వైపులా సస్పెన్షన్ ఉన్నదాన్ని ఎప్పుడైనా ఒక రోజు అద్దెకు తీసుకోవచ్చు. అద్దెకిచ్చే దుకాణాలు ఊళ్లో ఒకటికి నాలుగున్నాయి. డబ్బు ఖర్చు పెట్టదలిస్తే టైర్ల మీద పెట్టండి. ఈ కొండలు సున్నపురాయివి, ఆ రాతి మధ్య నుంచి ఊడిపడిన చెకుముకి రాళ్లు దారి పొడవునా పడి ఉంటాయి. నిప్పు పుట్టించేందుకు మన తాతలు వాడిన ఆ రాయి పగిలితే అంచు కత్తిలా ఉంటుంది, మామూలు ట్యూబు టైరు దాని ముందు నిలవదు. అందుకని ట్యూబు లేకుండా లోపల జిగురు ద్రవం పోసిన టైర్లు వేయించుకోవడం, వాటిలో గాలి తక్కువగా ఉంచడం ఇక్కడి పద్ధతి. గాలి రాయిలా గట్టిగా ఉంటేనే సైకిల్ తేలిగ్గా సాగుతుందని మనకు చిన్నప్పటి నుంచీ ఒక నమ్మకం ఉంది కానీ, ఈ దారుల్లో గట్టి టైరు ప్రతి రాయి మీదా ఎగిరి పట్టు తప్పుతుంది. డెబ్బై కిలోల మనిషికి, రెండున్నర అంగుళాలకు కాస్త తక్కువ వెడల్పున్న టైరుకు, ముందు 22, వెనుక 25 పీఎస్‌ఐ (పంపు మీద కనిపించే గాలి ఒత్తిడి కొలత) దగ్గర మొదలుపెట్టి, ఒకటీ అరా అటూ ఇటూ మార్చి చూసుకోవాలి.

సస్పెన్షన్‌ను బరువుకు తగ్గట్టు సరిచేయడం మెకానిక్ పని అనుకుంటారు కానీ, ఇంటి ముందు ఐదు నిమిషాల పని. ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు మెరిసే గొట్టం మీద సన్నటి రబ్బరు రింగు ఒకటి ఉంటుంది. దాన్ని కింద సీలు దాకా జరిపి, గోడకు ఆనుకుని, హెల్మెట్‌తో, నీళ్ల సంచితో సహా సైకిల్ మీదికి ఎక్కి, పెడళ్ల మీద నిలబడి, కుదుపు లేకుండా మెల్లగా దిగండి. రింగు ఎంత పైకి జరిగిందో చూడండి. ఫోర్కు మొత్తం కదలికలో అది అయిదో వంతు మేర ఉంటే సరిపోతుంది. అంతకంటే ఎక్కువ జరిగితే ఫోర్కులో గాలి తక్కువైనట్టు, అసలు జరగకపోతే ఎక్కువైనట్టు. ఈ గాలి కొట్టడానికి షాక్ పంపు అనే చిన్న పంపు వేరే ఉంటుంది, టైర్ల పంపు పనికిరాదు.

అన్నిటికంటే ముఖ్యం, మన దేశం నుంచి వచ్చినవారిని ప్రత్యేకంగా దెబ్బతీసే సంగతి బ్రేకులది. ఇండియాలో స్కూటరుకైనా సైకిల్‌కైనా కుడి చేతి బ్రేకు ముందు చక్రానిది, ఎడమ చేతిది వెనుక చక్రానిది అని చేతులకు అలవాటైపోయి ఉంటుంది. అమెరికాలో అమ్మే సైకిళ్లకు ఇది తలకిందులు: ఎడమ లివరు ముందు చక్రాన్ని పడుతుంది. నేను మొదటిసారి ఒక చిన్న దిగుడులో కంగారుపడి, వెనుక బ్రేకే కదా అనుకుని ఎడమ చేత్తో గట్టిగా పట్టాను; సైకిల్ ఉన్నచోటే నిలిచింది, నేను హ్యాండిల్ మీదుగా వెళ్లి ఎండుటాకుల్లో పడ్డాను. ఆకులు మందంగా ఉండబట్టి బతికిపోయాను. కాబట్టి సైకిల్ కొన్ననాడే దుకాణంలో అడిగి లివర్లు మార్పించుకోండి, లేదంటే ఖాళీ పార్కింగు స్థలంలో ఒక గంటసేపు ఎడమ చేతి స్వభావం తెలిసేదాకా ఆపుతూ సాగుతూ ఉండండి. ఏ లివరునైనా చూపుడు వేలు ఒక్కదానితోనే పట్టాలి. మిగతా వేళ్లు హ్యాండిల్‌ను వదలకూడదు. బ్రేకు మలుపు రాకముందే వేసి, మలుపులో వదిలేయాలి.

కూర్చునే తీరు కూడా రోడ్డు మీదిది కాదు. దిగుడు వచ్చినప్పుడు సీటు దించేసి, రెండు పెడళ్లను నేలకు సమాంతరంగా ఉంచి, వాటి మీద నిలబడి, మడమలు కిందికి వంచి, మోచేతులు బయటికి తిప్పి, నడుము కాస్త వెనక్కి ఉంచాలి. చూపు ముందు చక్రం దగ్గర కాక పదిహేను ఇరవై అడుగుల అవతల ఉండాలి. చెట్టును తప్పించాలని చెట్టునే చూస్తూ ఉంటే తిన్నగా వెళ్లి దానికే గుద్దుకుంటారు.

ఇవన్నీ అడవిలో కాదు, పంపు ట్రాక్ మీద నేర్చుకోవాలి. స్ప్రింగ్‌డేల్‌లో జోన్స్ సెంటర్ ఆవరణలో ఉన్న రన్‌వే బైక్ పార్కు, రోజర్స్‌లో అటలాంటా చెరువు ఒడ్డున ఉన్న రెయిల్‌యార్డ్ పార్కు ఇందుకు బాగుంటాయి. పంపు ట్రాక్ అంటే వరుసగా చిన్న చిన్న మిట్టలు, వాలు మలుపులు ఉన్న గుండ్రటి బాట. దాని మీద పెడలు తొక్కకుండా వేగం పుట్టించాలి. మిట్ట ఎక్కేటప్పుడు చేతులు, కాళ్లు ముడిచి ఒళ్లు తేలిక చేయాలి. మిట్ట దాటి దిగేటప్పుడు సైకిల్‌ను కిందికి నొక్కాలి. అట్లతద్దినాడు ఉయ్యాల మీద నిలబడి ఊగినవారికి ఈ కిటుకు వేరే చెప్పనక్కర్లేదు, ఒంటిని ఎప్పుడు ముడవాలో ఎప్పుడు చాపాలో వారి మోకాళ్లకే తెలుసు. ఆరేళ్ల పిల్లలు రయ్యిన దాటిపోతుంటే సిగ్గుపడకుండా మూడు వారాంతాలు అక్కడ గడపండి. ఆ తర్వాత అడవిలో మీరు తొక్కే తీరులో తేడా మీకే తెలుస్తుంది.

నాలుగో వారానికి ఊరికి పడమటి వైపున్న కోలర్ పార్కుకు వెళ్లవచ్చు. కొత్తవారికి ఇంతకంటే మంచి చోటు నాకు తెలియదు. లోయ అడుగున ఎస్తర్స్ లూప్ అనే ఆకుపచ్చ దారి ఉంది. దాన్ని ఒకేరోజు నాలుగుసార్లు తొక్కండి. రోజుకో కొత్త దారి చూడాలని ఆరాటపడేవారి కంటే, ఒకే దారిని పదేపదే తొక్కి, ఏ వేరు ఎక్కడుందో, ఏ మలుపులో బ్రేకు ఎక్కడ వదలాలో ఒంటికి పట్టించుకున్నవారే త్వరగా నేర్చుకుంటారు. కారు వెళ్లలేని చోట, అడవి మధ్యలో ఒక కాఫీ దుకాణం ఉంది. నడిచో, సైకిల్ మీదో మాత్రమే దాన్ని చేరుకోగలరు. కొండ మీద హబ్ అనే ఎత్తయిన వేదిక నుంచి దారులు విడిపోతాయి. అక్కడ నిలబడి రాక్ సాలిడ్, డ్రాప్ ద హామర్ వంటి దారుల్లోకి దూకేవారిని చూడండి, చూసి ఊరుకోండి.

అక్కడ ధైర్యం కుదిరాక స్లాటర్ పెన్. కబేళా దొడ్డి అని అర్థమొచ్చే ఆ పేరు విని బెదరనక్కర్లేదు. 2011లో తెరిచిన క్రిస్టల్ బ్రిడ్జెస్ కళా మ్యూజియం పక్కనుంచి సాగే ఆల్ అమెరికన్ అనే దారి గ్రీన్‌వేను అంటిపెట్టుకునే వెళుతుంది కాబట్టి, అలసిపోయినా, భయమేసినా ఏ క్షణంలోనైనా పక్కనున్న నున్నటి బాట మీదికి వచ్చేయవచ్చు. రాతి మెట్టు గానీ చెక్క వంతెన గానీ ఎదురైనప్పుడు దాని పక్కనుంచి వేరే బాట ఉందేమో చూడండి. దిగి, నడిచి, రాతిని కాలితో తాకి చూసి, మళ్లీ వెనక్కి వచ్చి తొక్కడం ఇక్కడ ఎవరూ నామోషీగా భావించరు.

పొడవైన దారి మీద మోజు ఉంటే బెల్లా విస్టాలోని బ్యాక్ ఫార్టీ ఉంది. 1965లో విశ్రాంత జీవితం గడిపేవారి కోసం మొదలైన ఆ ఊళ్లో, ఇళ్ల పెరళ్ల వెనుక నుంచి, వాగుల వెంబడి దాదాపు 20 మైళ్లు చుట్టివచ్చే ఈ దారిని 2016లో తెరిచారు. ఒక్కో ఎక్కుడు చిన్నదే, మన అరకు ఘాటు లాగా ఏకబిగిన సాగేది కాదు. అయితే ఎక్కడం, దిగడం, మళ్లీ ఎక్కడం ఆగకుండా ఉంటుంది కాబట్టి రోడ్డు మీద 40 మైళ్లు తొక్కగలిగినవారు కూడా ఇక్కడ సగంలో చతికిలపడతారు. మొదటిసారి సగమే పెట్టుకుని, రెండు లీటర్ల నీళ్లు, టైరు చిల్లు పూడ్చే ప్లగ్గులు, ఒక విడి ట్యూబు, చిన్న పంపు, బెల్లం పల్లీ ఉండలో ఖర్జూరాలో దగ్గర ఉంచుకోండి. ఇక కొండ మీదికి బండిలో తీసుకెళ్లి దింపితే కిందికి దిగడమే పనిగా ఉండే అనుభవం కావాలంటే, తూర్పున యురేకా స్ప్రింగ్స్‌లోని లెదర్‌వుడ్ చెరువు దగ్గర ఏడు దిగుడు దారులున్నాయి. ఆ బండికి రుసుము ఉంటుంది. గడ్డాన్ని కప్పే హెల్మెట్, మోకాళ్లకు మోచేతులకు ప్యాడ్లు లేకుండా అక్కడికి వెళ్లకండి.

కాలం విషయానికి వస్తే సెప్టెంబరు చివరి నుంచి నవంబరు దాకా, మళ్లీ మార్చి నుంచి మే దాకా బాగుంటుంది. జూలై, ఆగస్టుల్లో ఉక్కపోత విజయవాడను గుర్తు చేస్తుంది, తెల్లవారి ఆరింటికే వెళ్లి రావాలి. వసంతంలో మధ్యాహ్నపు ఉరుములను తేలిగ్గా తీసుకోవద్దు. 2024 మే 26 తెల్లవారుజామున వచ్చిన టోర్నడో బెంటన్ కౌంటీలో వేల చెట్లను కూల్చింది. రాతినేల కాబట్టి వాన వెలిశాక దారి త్వరగానే ఆరుతుంది కానీ, చలికాలంలో రాత్రి గడ్డకట్టి పగలు కరిగే రోజుల్లో పైమట్టి వెన్నలా ఉంటుంది. అప్పుడు తొక్కితే పడే గాడి నెలల తరబడి పోదు. అలాంటి రోజున నేల గట్టిగా ఉండగానే పొద్దున్నే వెళ్లాలి, లేదా మానుకోవాలి. నవంబరులో జింకల వేట కాలం ఉంటుంది కాబట్టి, ఊరికి దూరంగా వెళ్లేటప్పుడు నారింజ రంగు చొక్కా వేసుకోవడం మంచిది.

దారిలో నడిచేవారు ఎదురైతే సైకిలువారే ఆగాలి. ఎక్కేవారికి దిగేవారు దారి ఇవ్వాలి. వెనుక నుంచి దాటేటప్పుడు ఎడమ వైపు వస్తున్నానని ముందే గట్టిగా చెప్పాలి. ఒకవైపు మాత్రమే వెళ్లే దిగుడు దారుల్లో ఎదురెక్కడం ప్రాణాంతకం. ఫోటో కోసం ఆగదలిస్తే దారి మధ్యలో కాకుండా పక్కకు జరిగి నిలబడాలి.

ఇంటికి చేరాక సైకిల్ కడగడానికి ముందు చేయాల్సిన పని ఇంకొకటుంది. స్లాటర్ పెన్‌లో ఒక దారికి సీడ్ టిక్ షఫుల్ అని పేరు పెట్టారు. పశువులను పట్టే గోమార్ల జాతి పురుగులే ఇవి, పిల్లలుగా ఉన్నప్పుడు ఆవగింజ కంటే చిన్నవి. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా గడ్డి అంచుల్లో పొంచి ఉండి కాళ్లకు ఎక్కుతాయి. వీటిలో ఒక రకం కుడితే కొందరికి మాంసం తిన్న కొన్ని గంటలకు ఒళ్లంతా దద్దుర్లు వచ్చే అలర్జీ పట్టుకుంటుంది. మటన్ ప్రియులకు ఇంతకు మించిన హెచ్చరిక అక్కర్లేదు. బయలుదేరే ముందు మేజోళ్లకు, చీలమండలకు మందు చల్లుకోండి. తిరిగి వచ్చాక బట్టలు నేరుగా డ్రయ్యరులో వేసి, స్నానానికి ముందు మోకాళ్ల వెనుక, నడుము పట్టీ కింద, చెవుల వెనుక వెతకండి. పట్టుకున్నది కనిపిస్తే నలపకుండా, నూనె రాయకుండా, సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి తలతో సహా తిన్నగా పైకి లాగాలి. మూడేసి ఆకులతో దారి పక్కన అల్లుకునే పాయిజన్ ఐవీ తగిలిందని అనుమానం ఉంటే సబ్బుతో వెంటనే కడగండి. అది దూలగొండిలా అప్పటికప్పుడు దురద పుట్టించదు, ఒకటి రెండు రోజులు ఆగి బయటపడుతుంది. హ్యాండిల్ పట్టు, చేతి తొడుగులు కూడా అదే సబ్బునీళ్లతో తుడవాలి, లేకపోతే వచ్చే శనివారం అడవికి వెళ్లకుండానే మళ్లీ అంటుకుంటుంది.