కొత్త కబోర్డు వాసనను తేలిగ్గా తీసుకోకండి
కొత్త కబోర్డు తలుపు తీయగానే ముక్కుకు ఘాటుగా తగిలి, కళ్లు చురుక్కుమంటే కొత్త వస్తువు కదా అని సరిపెట్టుకోకండి. ప్లైవుడ్, పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్ (చెక్క పీచును నొక్కి చేసే బోర్డు)లను అతికించే జిగురులోంచి వచ్చే ఫార్మాల్డిహైడ్ అనే వాయువు కావచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో దీన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థంగా తేల్చింది. ఘాటు తగ్గాక కూడా నెలల తరబడి కొద్దికొద్దిగా వస్తూనే ఉంటుంది.

ఒకసారి డ్రాయర్ మొత్తం బయటికి లాగి, వెనక అంచు మీద వేలు పెట్టి చూడండి. పైన లామినేట్ నున్నగా ఉంటుంది, అక్కడ మాత్రం చాలాసార్లు బోర్డు గరుకుగా, పొట్టు రాలుతూ తగులుతుంది. వాయువు ఎక్కువగా వచ్చేది అలాంటి చోట్ల నుంచే. అంచులను మూసే ఎడ్జ్ బ్యాండ్ టేప్ అతికించేయండి, వాడని స్క్రూ రంధ్రాలు కూడా వదలొద్దు.

మొదటి కొన్ని వారాలు తలుపులు, డ్రాయర్లు, కిటికీలు తెరిచి ఉంచండి. వేడి, తేమ పెరిగితే ఇది ఇంకా ఎక్కువ వస్తుంది. రూమ్ ఫ్రెష్‌నర్ కొడితే వాసన మాత్రమే తెలియకుండా పోతుంది. కొనేటప్పుడు తక్కువ వాయువు వదిలే ఈ1 (E1) గ్రేడ్ బోర్డు గానీ, అంతకంటే తక్కువ వదిలేది గానీ అడగండి. పసిపాప గదికైతే దయచేసి ముందే కొని, వేరేచోట గాలి తగలనిచ్చాకే లోపల పెట్టండి.