ప్లేటు తప్పా, ముల్లు తప్పా? రికార్డు ప్లేయర్ సమస్యలు, పరిష్కారాలు

రికార్డు సరిగ్గా మోగకపోతే మనవాళ్లు ముందు నింద వేసేది ప్లేటు మీదే. "పాతది కదా, అరిగిపోయుంటుంది" అనేసి మళ్లీ అట్టలో దూర్చేస్తారు. నా దగ్గరున్న మూడొందల చిల్లర రికార్డుల్లో చాలావరకు అలా ఎవరో వదిలించుకున్నవే. వాటిలో నిజంగా అరిగినవి తక్కువ. మిగతావాటి జబ్బు ముల్లుదో, మోటారుదో, వైరుదో, ఒక్కోసారి గోడలోని కరెంటుదో. అందుకే ఏదైనా కొనేముందు, ఏదైనా విప్పేముందు ఒక వైపు మొత్తం కదలకుండా కూర్చుని వినండి. చప్పుడు ఎంతసేపటికోసారి వస్తోంది, ప్లేటు అంచున వస్తోందా, లేబుల్ దగ్గర వస్తోందా అన్నది తేలితే సగం పని అయిపోయినట్టే.

పాట సాగుతోంది, గొంతు బండగా ఉంది

దీంతోనే మొదలుపెడతాను, ఎందుకంటే దీని మీద నేను మూడు వారాలు తగలేశాను. మా బావ న్యూజెర్సీ నుంచి వస్తూ అక్కడ వాడిన బెల్టు డ్రైవ్ టర్న్‌టేబుల్ ఒకటి పట్టుకొచ్చాడు. అమెరికాది కాబట్టి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొన్నాం, ఎల్పీ (33⅓ వేగంతో తిరిగే పెద్ద ప్లేటు) పెట్టాం. పల్లవి అవుతుండగానే అమ్మ వంటింట్లోంచి "ఏరా, ఆవిడకి పడిశం పట్టినట్టుందేం?" అంది. ఆవిడ పాడింది ఐదు శ్రుతిలో, మాకు వినిపిస్తున్నది మూడు శ్రుతిలో. బెల్టు మార్చాను. నూనె వేశాను. మెకానిక్‌కి చూపిస్తే మోటారే పోయిందన్నాడు.

మోటారు నిక్షేపంలా ఉంది. అమెరికా కరెంటు 60 హెర్ట్జ్ (సెకనుకి 60 ఆవర్తనాలు), మనది 50. ఏసీ సింక్రనస్ మోటారు తిరిగే వేగం ఈ హెర్ట్జ్‌ని బట్టే ఉంటుంది, వోల్టేజీని బట్టి కాదు. ట్రాన్స్‌ఫార్మర్ 230 వోల్టులని దించగలదు గానీ 50ని 60 చెయ్యలేదు. అంచేత నిమిషానికి 33⅓ చుట్లు తిరగాల్సిన ప్లేటు 28 కూడా తిరగదు. శ్రుతి మూడు స్వరస్థానాలు కిందికి జారుతుంది.

కనిపెట్టడం తేలిక. లేబుల్ అంచున చిన్న కాగితం ముక్క అంటించి, ఫోన్లో మూడు నిమిషాలు టైమర్ పెట్టి, చుట్లు లెక్కపెట్టండి. సరిగ్గా వంద రావాలి. 45 స్పీడులో అయితే 135. లెక్క 83 దగ్గర ఆగిందంటే అది కరెంటు సంగతే. మోటారు మీద బెల్టు తిరిగే పుల్లీని దానికంటే ఐదో వంతు ఎక్కువ లావున్నదానితో మార్చాలి. కొన్ని కంపెనీలు 50కి, 60కి విడివిడిగా పుల్లీలు చేశాయి, దొరికితే అదృష్టం. మాకు దొరకలేదు. లేత్ షాపులో ఇత్తడిది చేయించాం, అది కూడా రెండోసారికి కుదిరింది. అడాప్టరుతో నడిచే డీసీ మోటారు ప్లేయర్లకి, బెల్టు లేకుండా మోటారే నేరుగా ప్లేటుని తిప్పే, క్వార్ట్జ్ ఉన్న డైరెక్ట్ డ్రైవ్‌లకి ఈ గొడవ లేదు, వాటికి వోల్టేజీ ఒక్కటి చూసుకుంటే చాలు. బయటిదేశం నుంచి ఎవరైనా తెస్తానంటే ముందు దాని అడుగు భాగం ఫొటో పెట్టమనండి. అక్కడ 60 హెర్ట్జ్ అని ఒక్కటే రాసుంటే, లేత్ షాపు ఎక్కడుందో కూడా కనుక్కుని ఉంచుకోండి.

లెక్క 97 ఒకసారి, 98 ఒకసారి వస్తుంటే బెల్టు సాగిపోయింది, కొత్తది వేయండి. బెల్టు బాగానే ఉంటే ప్లేటుని తిప్పే పళ్లెం (ప్లాటర్) కింద బేరింగులో పాత నూనె జిగురులా గట్టిపడి ఉంటుంది. దాన్ని తుడిచేసి కుట్టుమిషను నూనె ఒక్క చుక్క, ఒక్కటే, వేస్తే చాలు. రబ్బరు చక్రంతో నడిచే పాత ప్లేయర్లు "దడ్ దడ్" అంటుంటే ఆ చక్రం ఒకచోట నొక్కుకుపోయి ఉంటుంది. ఆపినా మీటని 33 దగ్గరే వదిలేసి నెలల తరబడి మూలన పెట్టడం వల్ల వచ్చేది అది.

వంద చుట్లు లెక్కగా వస్తున్నా, నాదస్వరంలో నిలిపి పట్టిన స్వరం ఊయలూగుతోందా? ముల్లుని మోసే చేతిని, అంటే టోన్‌ఆర్మ్‌ని పైనుంచి చూడండి. చుట్టుచుట్టుకీ అది పక్కలకి జరుగుతుంటే ప్లేటు నడిమి చిల్లు కేంద్రం తప్పి పడిందన్నమాట. అది ఫ్యాక్టరీలోనే జరిగిన పొరపాటు. చిల్లుని రవ్వంత అరగదీసి సర్దేవాళ్లున్నారు గానీ, నాకెప్పుడూ చెయ్యి రాలేదు.

చిటపటలు

ముందు చెవితో టైము చూడండి. 33⅓ ప్లేటు ఒక చుట్టు తిరగడానికి 1.8 సెకన్లు పడుతుంది. టక్కు సరిగ్గా ఆ వ్యవధికే తాళం వేసినట్టు వస్తుంటే అది అడ్డంగా పడిన గీత. దానికి కడగడం వల్ల ఉపయోగం లేదు. టక్కులు ఎక్కడ పడితే అక్కడ, నూనెలో ఆవాలు వేసినట్టు వస్తుంటే దుమ్ము, లేదా స్టాటిక్ (రాపిడికి పుట్టే స్థిర విద్యుత్తు). అట్టలోంచి తీస్తుంటే ప్లేటు చేతి వెంట్రుకలని లాగుతోందంటే స్టాటిక్కే. చలికాలం గాలి పొడిగా ఉన్నప్పుడు హైదరాబాదులో ఇది ఎక్కువ. కార్బన్ ఫైబర్ బ్రష్షుతో, ప్లేటు తిరుగుతుండగా రెండు మూడు చుట్లు తుడిస్తే చాలావరకు పోతుంది.

కాకినాడ, విశాఖ వైపు ఇళ్లలోంచి వచ్చిన ప్లేట్లకి వేరే తెగులు ఉంటుంది: బూజు. దీపం వెలుగులో పక్కకి వంచి చూస్తే బూడిద రంగు మచ్చలు, సాలెగూడులాంటి పోగులు కనిపిస్తాయి. వాటిని పొడి గుడ్డతో రుద్దితే ప్లేటు గాడుల్లోకి ఇంకా లోతుగా దిగుతాయి, కడగాల్సిందే. బోరునీళ్లు వద్దు. ఆరాక సున్నం తెల్లగా మిగిలి కొత్త చిటపటలు మొదలవుతాయి. ఇన్వర్టరు బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్ ఐదు లీటర్ల క్యాను తెచ్చుకోండి. కొట్లో అడిగేటప్పుడు "నీళ్లు" అని స్పష్టంగా చెప్పండి, పక్కనే యాసిడ్ కూడా ఉంటుంది. లేబుల్‌కి తడి తగలకుండా చూసుకుంటూ, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క కలిపిన నీళ్లతో, మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో, గాడి వెంబడే గుండ్రంగా తుడవాలి. అడ్డంగా కాదు. తర్వాత ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో ఇంకోసారి. ఆ తర్వాత గిన్నెల స్టాండులో నిలబెట్టి ఆరబెడితే సరి, మా ఇంట్లో ఆదివారం పళ్లేలకి చోటుండదు. హ్యాండ్ శానిటైజర్‌తో తుడిచే తెలివితేటలు మాత్రం వద్దు, అందులో గ్లిజరిన్ ఉంటుంది.

కడిగాక కూడా ప్లేటు జిడ్డుగా, అనుమానంగా మెరుస్తుంటే అమ్మినవాడు నూనె పూశాడన్నమాట. జుమేరాత్ బజార్లో కొన్న రెండు ప్లేట్లు కొబ్బరినూనె వాసన వచ్చాయి నాకు. సబ్బు చుక్క పెంచి మూడుసార్లు కడిగితే వదిలింది.

కడిగిన ప్లేటుని పాత కాగితపు సంచిలో మళ్లీ పెట్టకండి. బూజు అందులోనే ఉంటుంది, రామబాణం పురుగు తిన్న పొడి కూడా. లోపలి సంచి కొత్తది వేసి, పాత అట్టని విడిగా ఎండ తగలని చోట గాలికి ఆరబెట్టండి.

అన్నదే అంటోంది

మాటవరసకి "అరిగిపోయిన రికార్డులా చెప్పిందే చెబుతున్నాడు" అంటాం. నిజానికి అరిగిన రికార్డు అలా చెయ్యదు, గరగరమంటూ ముందుకే పోతుంది. చెప్పిందే చెప్పేది గీత పడిన రికార్డు. గాడి గోడ విరిగి, ముల్లు మళ్లీ వెనక గాడిలోకి జారుతుంది.

అయితే గీత అనుకునేముందు ఇంకో రెండు ప్లేట్లు పెట్టి చూడండి. అన్నిటిమీదా ముల్లు దూకుతుంటే తప్పు ప్లేయర్‌ది. బల్ల మట్టంగా ఉందా? ఫోన్లో లెవెల్ చూసే సదుపాయం ఉంటుంది. నడిస్తే దూకుతోందా? బల్లని గోడకి బిగించిన అలమరగా మార్చండి. ఇవి కాకపోతే ముల్లు బరువు. ఇక్కడ పావలా బిళ్ల సంగతి చెప్పాలి. ముల్లు దూకితే నాన్న టోన్‌ఆర్మ్ తల మీద పావలా పెట్టేవారు. దూకడం ఆగిపోయేది, అందరం సంతోషించేవాళ్లం. ఆ పాత పావలా రెండున్నర గ్రాములు. ఆనాటి సెరామిక్ కార్ట్రిడ్జి (ముల్లు బిగించే డబ్బీ) ఎలాగూ ఐదారు గ్రాములతో దున్నుకుంటూ పోయేది కాబట్టి దానికి ఇదో లెక్క కాదు. ఇప్పటి మ్యాగ్నెట్ కార్ట్రిడ్జిలు చాలావరకు రెండు గ్రాముల చుట్టుపక్కల నడుస్తాయి. వాటి మీద పావలా పెడితే బరువు రెట్టింపు దాటుతుంది, ముల్లుని పట్టుకున్న సన్నటి కడ్డీ వంగుతుంది. ఆన్‌లైన్లో దొరికే చిన్న డిజిటల్ త్రాసు కొని, కార్ట్రిడ్జి కంపెనీ చెప్పిన అంకెకి వెనక బరువు తిప్పి సరిచెయ్యండి. ముల్లు లోపలి వైపుకి లాగకుండా ఆపే ఆంటీ స్కేటింగ్ కూడా అదే అంకె మీద పెట్టండి. బరువు మరీ తక్కువైనా నష్టమే. ముల్లు గాడిలో గట్టిగా కూర్చోక గోడలకి కొట్టుకుంటుంది.

చీమ గొంతు, లేదా హుమ్మని మోత

వాల్యూం మొత్తం పెంచినా పాట ఎక్కడో పక్కింట్లో, అదీ రేకు డబ్బాలో పాడినట్టుంటే ఫోనో ప్రీయాంప్ లేదన్నమాట. కార్ట్రిడ్జి ఇచ్చేది నాలుగైదు మిల్లీవోల్టులు. పైగా ప్లేటు కోసేటప్పుడు బేస్ తగ్గించి, పైస్థాయి పెంచి కోస్తారు, దాన్ని తిరిగి సరిచేసేది ఈ ప్రీయాంపే. యాంప్లిఫయర్ వెనక "ఫోనో" అని రాసిన సాకెట్టు ఉంటే అందులో పెట్టండి, లేకపోతే విడిగా ఒకటి కొనాలి. పాట పగిలిపోతున్నట్టు పెద్దగా, బేస్ బురదలా వస్తుంటే ఇదే తప్పు తిరగేసి జరిగింది: ప్లేయర్లో ఒక ప్రీయాంప్, యాంప్లిఫయర్లో ఇంకోటి. ఒకదాన్ని ఆపండి.

హుమ్మని మోత వస్తుంటే ప్లేయర్ వెనక వేలాడే సన్నటి గ్రౌండు వైరుని యాంప్లిఫయర్ గ్రౌండు స్క్రూకి బిగించండి. అయినా ఉంటే ఇంటి ఎర్త్ సరిగ్గా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి, అది రికార్డుల కోసమే కాదు. ఒక స్పీకరే పలుకుతుంటే వెనక ఎడమ, కుడి పిన్నులు మార్చి పెట్టండి. మౌనం రెండో స్పీకరుకి మారిందంటే తప్పు ప్లేయర్ వైపు ఉంది, కార్ట్రిడ్జి వెనక నాలుగు రంగుల వైర్లలో ఏదో వదులై ఉంటుంది.

"స" దగ్గర బుస

స, శ, ష వచ్చినప్పుడల్లా పాము బుస కొట్టినట్టుంటే ముందు ముల్లు చూడండి. దాని కొసకి దూదిలా దుమ్ము పట్టుకుని ఉంటుంది. చిన్న బ్రష్షుతో వెనక నుంచి ముందుకి మాత్రమే లాగండి. బుస లేబుల్ దగ్గరి పాటల్లోనే ఎక్కువైతే కార్ట్రిడ్జి వంకరగా బిగించి ఉండొచ్చు, కోణం చూసే కాగితపు ప్రొట్రాక్టర్ పెట్టి సరిచెయ్యాలి. అన్ని చోట్లా ఉంటే ముల్లు అరిగింది. వజ్రపు ముల్లయినా కొన్ని వందల గంటలే. ప్లేటు కొనడానికి వెనకాడం గానీ ముల్లు మార్చడానికి ఏళ్లు పడుతుంది మనకి. అరిగిన ముల్లు మంచి ప్లేటుని ఎప్పటికీ బాగుపడకుండా పాడుచేస్తుంది.

78 ప్లేటు మీద జల్లు వాన

మిగతా ప్రపంచం చాలావరకు ఆపేశాక కూడా కలకత్తా దగ్గర దమ్‌దమ్ ఫ్యాక్టరీలో 1960లలో 78లు (నిమిషానికి 78 చుట్లు తిరిగే ప్లేట్లు) నొక్కుతూనే ఉన్నారు. కాబట్టి మన పాతవాళ్ల పెట్టెల్లో అవి ఎక్కువ. అవి లక్కతో చేసినవి, కిందపడితే పెంకులే. స్పిరిట్‌తో తుడిస్తే పైపొర కరిగిపోతుంది, వీటికి ఉత్త నీళ్లు, సబ్బు చుక్క, వెంటనే ఆరబెట్టడం అంతే. జల్లు వానకి కారణం మాత్రం ముల్లు. 78 గాడి ఎల్పీ గాడికంటే దాదాపు మూడు రెట్లు వెడల్పు. ఎల్పీ ముల్లు దాని అడుగున చెత్తలో దొర్లుతుంది. 78 ముల్లు విడిగా కొనండి, యాంప్లిఫయర్‌ని మోనోలో పెట్టండి. గొంతు ముందుకొచ్చి నిలబడుతుంది, వాన వీధిలోకి పోతుంది. కీ ఇచ్చే గ్రామఫోను మీద మాత్రం ఎల్పీ ఎప్పుడూ పెట్టకండి, ఒక్కసారికే ఉలితో చెక్కినట్టవుతుంది.

ప్లేటు అప్పడంలా ఒంపు తిరిగింది

మే నెలలో విజయవాడలో కారు వెనక సీట్లో ఒక మధ్యాహ్నం వదిలేస్తే చాలు. కొద్ది ఒంపుని టోన్‌ఆర్మ్ భరిస్తుంది. ఎక్కువైతే రెండు అద్దాల మధ్య పెట్టి వారాల తరబడి బరువు ఉంచితే కొంత సర్దుకోవచ్చు. ఓవెన్లో పెట్టే ప్రయోగాలు వద్దు. రికార్డులని ఒకదానిమీద ఒకటి దొంతర పెట్టకుండా పుస్తకాల్లా నిలువుగా పెట్టండి, వాలకుండా.

ఇక గీతల సంగతి ఒకటి మిగిలింది. మా ఇంట్లో ఒక 45 ప్లేటు మీద పల్లవి రెండోసారి వచ్చే చోట మూడు టక్కులు వస్తాయి. మొన్న మా అమ్మాయి అదే పాట ఫోన్లో విని, "నాన్నా, ఇందులో మూడు దెబ్బలు లేవేంటి?" అంది. లక్షణం అదీ. కారణం, ఆరో తరగతిలో కంపాసు పెట్టెతో నేను. పరిష్కారం వెతకట్లేదు.