ఎండిన మినుప చేనును చదవడం (మూడో పాఠం): బెట్ట (నీటి ఎద్దడి) ఏ రోజున తగిలింది?

గత పాఠంలో మట్టిని పిడికిట్లో నొక్కి పదును, అంటే నేలలోని తేమ, అంచనా వేయడం చూశాం. ఈ వారం మొక్క దగ్గరికి వెళ్దాం. నాలుగు పుల్లలు, మీటరు టేపు, నోటుపుస్తకం తీసుకోండి. చల్లపూట వెళ్ళండి. మిట్టమధ్యాహ్నం ఆరోగ్యంగా ఉన్న ఆకు కూడా కాసేపు వాలుతుంది, అది చూసి కంగారుపడతాం.

మన కృష్ణా డెల్టాలో మాగాణి మినుముకు దుక్కి ఉండదు. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు తడి నేలలో విత్తనం చల్లేస్తారు. ఆపైన 75–80 రోజులూ మాగాణి దాచుకున్న పదునుతోనే పంట గడవాలి. ఆ పదును ఏ దశలో అడుగంటిందన్న దాన్ని బట్టి నష్టం మారుతుంది. ఎన్నాళ్ళు ఎండిందని అందరూ అడుగుతారు గానీ, ఏ రోజున ఎండిందని అడగడం నేర్చుకోండి. ఈ పాఠంలో నేర్చుకోవాల్సింది అదే.

ముందు ఒక లెక్క. చదరపు మీటరుకు 30 మొక్కలు, మొక్కకు 12 కాయలు, కాయకు 6 గింజలు, వంద గింజలు 4 గ్రాములు అనుకుందాం. చదరపు మీటరుకు 86 గ్రాములు వస్తాయి. ఎకరా అంటే 4,047 చదరపు మీటర్లు కాబట్టి దాదాపు మూడున్నర క్వింటాళ్ళు. ఇప్పుడు పూత దశలో బెట్ట తగిలి కాయలు 12కి బదులు 8 అయ్యాయనుకోండి, 2.3 క్వింటాళ్ళకు దిగుతుంది. ఇంకో చేలో కాయలు 12 నిలిచాయి, గింజ గట్టిపడే వేళ ఎండి వంద గింజలు 3.2 గ్రాములే తూగాయి: 2.8 క్వింటాళ్ళు. రెండో చేను కాటా దగ్గర కాస్త నయంగా కనిపిస్తుంది, కానీ మిల్లు దగ్గర దాని సంగతి వేరు. అది తర్వాత చెబుతాను.

చేలో చదరపు మీటరు గుర్తు పెట్టి, ఐదు మొక్కల్ని వేళ్ళతో సహా జాగ్రత్తగా పెకలించండి. పూగుత్తి కాడను వేలితో తడమండి. పువ్వో పిందో రాలిన చోట చిన్న మచ్చ మిగులుతుంది. కాయలకంటే మచ్చలు బాగా ఎక్కువుంటే దెబ్బ పూత దశలో, అంటే సుమారు 35వ రోజు తర్వాత తగిలింది. మచ్చలు తక్కువే, మొక్కే పొట్టిగా, కొమ్మలు లేకుండా ఉంటే అంతకుముందే ఎండింది. ఆ మొక్కకు ఇప్పుడు తడి దొరికితే కొంత కోలుకుంటుంది, మినుము మళ్ళీ పూయగలదు. గింజ పాలుపోసుకునేటప్పుడు తగిలిన బెట్టకు మాత్రం అలాంటి రెండో అవకాశం లేదు. అందుకే, ఒక్క తడికే నీళ్ళున్నాయంటే పూత మొదలయ్యే ముందు పెట్టమంటాను. నీళ్ళే లేకపోతే లీటరుకు 10 గ్రాముల పొటాషియం నైట్రేటు పూత దశలో పిచికారీ చేయవచ్చు. అది ఊతమే తప్ప తడికి బదులు కాదు.

మొక్క వేళ్ళు చూడండి. వాటికి అంటుకుని ఉన్న బుడిపెను గోటితో చీల్చండి. లోపల ఎర్రగా ఉంటే నత్రజని పట్టే పని సాగుతోంది, పచ్చగానో బూడిద రంగులోనో ఉంటే ఆగిపోయింది. బెట్ట తగిలితే ఆకు వాడకముందే ఈ పని మందగిస్తుంది. నేను మొదటిసారి ఇది చూసింది తెనాలి వైపు మా బాబాయి గారి చేలో. పైకి పచ్చగా ఉన్న మొక్క వేళ్ళలో బుడిపెలన్నీ పాలిపోయి ఉన్నాయి. అప్పట్నుంచి నేను ఆకును చూసి తృప్తి పడను.

ఇక నాణ్యత. గింజ చిన్నదైతే పొట్టు వాటా పెరుగుతుంది, మినపగుళ్ళు తగ్గుతాయి. మిల్లువాళ్ళు ధర తగ్గించేది ఇక్కడే. పిండి పదార్థం సరిగా చేరని గింజలో మాంసకృత్తుల శాతం కొన్నిసార్లు ఎక్కువగా కనిపిస్తుంది. అది చూసి మురిసిపోకండి, ఎకరాకు వచ్చే మొత్తం తగ్గుతుంది. ఎండలో త్వరగా ముదిరిన గింజల్లో నీరు పీల్చని రాతి గింజలు కూడా ఎక్కువవుతాయి. ఇడ్లీకి నానబోసినప్పుడు గట్టిగా మిగిలేవి అవే. వాటినే విత్తనంగా వాడితే మొలక కూడా ఆలస్యంగా, ఎగుడుదిగుడుగా వస్తుంది.

గుంటూరు పక్కన లాం ఫారంలో (వ్యవసాయ పరిశోధన కేంద్రం) రూపుదిద్దుకున్న మినుము రకాల పేర్లలో ఎల్‌బీజీ అంటే లాం మినుము అని అర్థం. ఉదాహరణకు ఎల్‌బీజీ 787. మీ గింజ ఏ రకమో కనుక్కోండి. రకాన్ని బట్టి గింజ బరువు మారుతుంది కాబట్టి ఒకే రకం గింజలతోనే పోల్చాలి.

వచ్చే వారానికి పని: మీ ఇంట్లో ఉన్న మినుముల్లోంచి ఏరకుండా వంద గింజలు తీసి తూచండి, రాత్రి నానబోసి పొద్దున్నే ఉబ్బనివి లెక్కపెట్టండి. రెండు అంకెలూ రాసి పెట్టుకోండి. నాలుగో పాఠాన్ని ఆ అంకెలతో మొదలుపెట్టి, ఆ తర్వాత ఆకులో పసుపు మచ్చలు చూసి బెట్ట వల్ల వచ్చినవో, తెల్లదోమ తెచ్చిన పల్లాకు తెగులో విడదీయడం చూద్దాం.