నాగార్జునకొండ దీవిలో ఇంటిల్లిపాదీ కలిసి ఒకే బొమ్మల పుస్తకం చేయడం ఎలా

ఇంట్లో అందరికీ బొమ్మలు గీసే అలవాటుంటే, హైదరాబాద్ నుంచి పొద్దున వెళ్లి రాత్రికి తిరిగి రాగలిగే దీవి ఒకటుంది. అదే నాగార్జునకొండ. నాగార్జునసాగర్ జలాశయం నిండినప్పుడు కృష్ణ ఒడ్డునున్న పాత లోయంతా మునిగి, కొండ పైభాగం దీవిగా మిగిలింది. మునగబోయే ఆ లోయలో 1954 నుంచి 1960 దాకా పురావస్తు శాస్త్రవేత్త ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో తవ్వకాలు జరిగాయి. బయటపడ్డ కట్టడాల్లో కొన్నింటిని విప్పి తెచ్చి కొండమీద మళ్లీ నిలబెట్టారు. శిల్పాలను అక్కడి మ్యూజియంలో ఉంచారు.

ఇక్కడ అసలు కొరత సమయమే. లాంచీ వాళ్లు ఇచ్చే వ్యవధి తక్కువ. నలుగురు నాలుగు స్కెచ్ పుస్తకాలు పట్టుకుని దిగితే, నలుగురూ మహాచైత్యం అనే పెద్ద బౌద్ధ స్తూపం దగ్గరే కూర్చుని ఒకే బొమ్మను నాలుగుసార్లు సగం సగం గీసి లేస్తారు. అందుకే అందరికీ కలిపి ఒకే పుస్తకం చేసుకుని, ఏ పేజీ ఎవరిదో, అందులో ఏం వేయాలో ఇంటి దగ్గరే తేల్చుకుని వెళ్లాలి.

ఆ పుస్తకానికి నమూనా కూడా నాగార్జునకొండ శిల్పులే ఇచ్చారు. క్రీస్తుశకం 3వ శతాబ్దంలో, ఇక్కడ ఏలిన ఇక్ష్వాకు రాజుల కాలంలో చెక్కిన పొడవాటి రాతి పట్టీలు చూడండి. ఒక్కో ఘట్టం ఒక్కో గడిలో ఉంటుంది. రెండు ఘట్టాల మధ్య సన్నటి నిలువు గడి, అందులో ఒక జంట నిలబడి ఉంటుంది. మాంధాత రాజు కథైనా, బుద్ధుడి సవతి తమ్ముడు నందుడి కథైనా, ఆ సన్నటి గడి దగ్గర కంటికి ఒక విరామం దొరికి తర్వాతి ఘట్టంలోకి వెళ్తాం. మన పుస్తకంలోనూ అంతే: పెద్ద గడిలో దీవి, పక్కన సన్నటి గడిలో ఇంట్లోవాళ్లు ఇద్దరు.

పుస్తకం తయారీ

మన పాత మడత పుస్తకాలు కడితాల్లాగే ముందుకూ వెనక్కూ మడిచే పుస్తకం కావాలి. 22 × 30 అంగుళాల నీటిరంగుల కాగితం, 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు), కాస్త గరుకుది, ఒక్క షీటు చాలు. 200 జీఎస్ఎం సులువుగా మడత పడుతుంది గానీ తడి తగలగానే ఉబ్బి అలలు తేలుతుంది.

కోసేముందు కాగితం నార, అంటే అందులోని పీచు సాగిన దిశ, ఎటు ఉందో చూడాలి. షీటును విరగకుండా ఒకసారి పొడవు వైపు, ఒకసారి అడ్డం వైపు వంచండి. ఎటు వంచితే తక్కువ బలం పడుతుందో ఆ వంపు గీత వెంబడి నార ఉన్నట్టు. మన మడతలన్నీ నార వెంబడే రావాలి. అడ్డంగా మడిస్తే 300 జీఎస్ఎం కాగితం మడత దగ్గర చిట్లి, ఆ చిట్లిన చోట రంగు పీల్చుకుని ముదురు గీత తేలుతుంది.

నార 30 అంగుళాల అంచు వెంబడి ఉంటే, ఆ అంచును నాలుగు సమభాగాలు చేయండి. 7.5 అంగుళాల ఎత్తు, 22 అంగుళాల పొడవు ఉన్న పట్టీలు నాలుగు వస్తాయి. ప్రతి పట్టీలో 7, 14, 21 అంగుళాల దగ్గర పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. మూడు పేజీలు, చివర ఒక అంగుళం అతుకు మిగులుతాయి. నార రెండోవైపు ఉంటే 7.5 అంగుళాల ఎత్తును 22 అంగుళాల అంచు మీద కొలవాలి. అప్పుడు షీటుకు రెండు పట్టీలే వస్తాయి, ఒక్కో దాంట్లో నాలుగు పేజీలు, కొంత కాగితం వృథా. కాబట్టి రెండు షీట్లు కొనుక్కోవాల్సి వస్తుంది.

సన్నటి గడిని విడి పేజీగా మడవాలని అనిపిస్తుంది. అలా చేయొద్దు. ఏడంగుళాల పేజీ తర్వాత ఒకటిన్నర అంగుళాల పేజీ మడిస్తే ప్రతి మడతకూ తర్వాతి పేజీ పక్కకు జరిగిపోతుంది, పుస్తకం ఎప్పటికీ సమంగా మూతపడదు. పేజీలన్నీ ఏడంగుళాలే ఉంచి, ఒక్కో పేజీలో కుడివైపు 1.5 అంగుళాల దగ్గర సన్నటి పెన్సిల్ గీత గీయండి. పెద్ద గడికి 5.5 అంగుళాలు మిగులుతాయి.

మడిచేముందు స్టీలు స్కేలు ఆనించి, సిరా అయిపోయిన బాల్‌పెన్ మొనతో గీత నొక్కండి. కాగితం కోసుకుపోకూడదు, గాడి మాత్రం పడాలి. ఒకటో పట్టీ, మూడో పట్టీ లోపలికి మడిచే మడతతో మొదలవ్వాలి. రెండో పట్టీ, నాలుగో పట్టీ బయటికి మడిచేదానితో మొదలవ్వాలి. నాలుగూ ఒకేలా మడిస్తే అతుకు దగ్గర రెండు మడతలు ఒకే వైపు తిరిగి, పుస్తకం మధ్యలో ఎదురు తిరుగుతుంది. చాలామంది దీన్ని అతికించాకే గమనిస్తారు.

అతుకుకు మూడు వంతుల ఫెవికాల్‌లో ఒక వంతు నీళ్లు కలిపి, బ్రష్‌తో పలుచగా పూయండి. తర్వాతి పట్టీ అంచు సరిగ్గా 21 అంగుళాల మడత గీత మీద కూర్చోవాలి. ఒక్క సూదిమందం దాటినా మడత బిగుసుకుంటుంది. జిగురు ఎక్కువైతే అతుకు అట్టలా గట్టిపడి, దాని పక్కన కాగితం ముడతలు పడుతుంది. పైనా కిందా బటర్ పేపర్ పెట్టి, బరువైన పుస్తకాల కింద రాత్రంతా ఉంచండి. నాలుగో పట్టీ చివరి అతుకు కోసేయండి. 12 పేజీలు, విప్పితే ఏడు అడుగుల పుస్తకం.

అట్టలకు 2 మిల్లీమీటర్ల గ్రే బోర్డు (బైండింగ్‌కు వాడే గట్టి అట్ట), 7.25 × 7.75 అంగుళాల ముక్కలు రెండు. పైన పాత చేనేత నూలు బట్ట బాగుంటుంది. బట్ట పలుచగా ఉంటే జిగురు బయటికి ఊరి మరక పడుతుంది, అందుకని బట్ట వెనక ముందుగా పలుచటి కాగితం అతికించి ఆరనివ్వండి.

పన్నెండు పేజీల పంపకం

దీవిలో గంట దొరికిందనుకుందాం. రేవు నుంచి నడకకు, తిరిగి రావడానికి ఇరవై నిమిషాలు తీసేస్తే నలభై నిమిషాలు. పెద్ద గడికి పెన్సిల్ పని ఇరవై నిమిషాలు పడుతుంది. అంటే మనిషికి రెండు బొమ్మలు, నలుగురికి ఎనిమిది. మిగిలిన నాలుగు పేజీల్లో ఒకటి దూరం నుంచి కనిపించే డ్యామ్‌కు, రెండు వెళ్లేటప్పుడు లాంచీ మీద, ఒకటి తిరుగు ప్రయాణంలో. డ్యామ్ దగ్గర భద్రత ఉంటుంది, అక్కడ ఆగి గీసే ఆలోచన పెట్టుకోకండి.

దీవిలో ఒకేసారి నలుగురు గీయాలంటే పుస్తకం ఒక్కరి చేతిలో ఉంటే కుదరదు. అందుకని దీవి పేజీలను 5.25 × 7.25 అంగుళాల విడి కాగితాల మీద గీసి, ఇంటికొచ్చాక పెద్ద గడుల్లో అతికించాలి. దీనికి ఇంకో షీటులో 16 ముక్కలు వస్తాయి. ఎనిమిది పనికి, ఎనిమిది చెడిపోతే మార్చుకోవడానికి. లాంచీ బొమ్మలు, సన్నటి గడులు మాత్రం నేరుగా పుస్తకంలోనే వేయండి.

ఎవరికి ఏది అన్నది ఓపికను బట్టి పంచాలి. పిల్లలకు పెద్ద రాళ్లతో పేర్చిన బృహచ్ఛిలా సమాధి బాగా కుదురుతుంది: ఆకారాలు తక్కువ, తప్పు పోయినా తెలియదు. అమ్మమ్మకో తాతయ్యకో నీడలో కూర్చుని చూడగలిగే మహాచైత్యం ఇవ్వండి. ఇక్ష్వాకు రాజు శాంతమూలుడి సోదరి చాంతిసిరి స్తంభాలు దానం చేసిన స్తూపం అది. దాని పునాది చక్రం ఆకారంలో, మధ్య నుంచి బండి చక్రపు ఆకుల్లా గోడలతో ఉంటుంది. కూర్చున్నచోటి నుంచి అది నలిగిన కోడిగుడ్డులా కనిపించి గీత తప్పుతుంది, కాబట్టి ఒకరు పక్కవాటాన, ఒకరు పైనుంచి చూసినట్టు ప్లానులా గీస్తే రెండు పేజీలూ ఒకదానికొకటి సాయపడతాయి. స్నానఘట్టం మెట్ల గీతలు సమాంతరంగా రావాలి, అది చెయ్యి స్థిరంగా ఉన్నవాళ్ల పని. మ్యూజియంలోని శిల్పాలు ఇంట్లో అందరికన్నా బాగా గీసేవాళ్లకు.

వాళ్లు ముందు వారం హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర పురావస్తు మ్యూజియానికి వెళ్లి అక్కడి బౌద్ధ శిల్పాల ముందు ఒక పూట కూర్చుంటే మంచిది. ఇరవై నిమిషాల్లో తమ చెయ్యి ఎంత దూరం వెళ్తుందో అప్పుడే తెలుస్తుంది.

ప్రయాణం

శుక్రవారం వద్దు, దీవి మ్యూజియానికి సెలవు. నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య ఎండ ఓర్చుకోగలిగేలా ఉంటుంది. ఈదురుగాలి లేచినా, నీటిమట్టం బాగా పడిపోయినా లాంచీ కదలదు, కాబట్టి ముందురోజు ఫోన్ చేసి కనుక్కోండి. ఇబ్రహీంపట్నం, మాల్, మల్లేపల్లి మీదుగా సాగర్ సుమారు 150 కిలోమీటర్లు. పొద్దున ఐదున్నరకు బయల్దేరితే మొదటి లాంచీల సమయానికి అందుకోవచ్చు. టికెట్ తీసుకునేటప్పుడే దీవిలో ఎంతసేపు ఆపుతారో, తర్వాతి లాంచీలో తిరిగి రానిస్తారో లేదో అడగండి. రానిస్తారంటే మీ సమయం రెట్టింపవుతుంది.

సంచిలో: హెచ్‌బీ, 2బీ పెన్సిళ్లు, పెన్సిల్ చెక్కే కత్తి, రబ్బరు, మనిషికో అట్ట, అట్టకు నాలుగు క్లిప్పులు, బటర్ పేపర్, టోపీలు, అన్నం, తాగే నీళ్లు. బొగ్గు కడ్డీలు వద్దు. మడిచే పుస్తకంలో బొగ్గు ఎదుటి పేజీకి అంటుకుంటుంది. 4బీ పెన్సిలూ అంతే.

రంగులు ఐదు చాలు: అల్ట్రామెరైన్ బ్లూ, బర్న్‌ట్ సియెన్నా, యెల్లో ఓకర్, లెమన్ యెల్లో, ఇండియన్ రెడ్. రంగుకు ఒక లీటరు నీళ్ల సీసా, మురికి నీళ్లకు మూతున్న ఖాళీ డబ్బా ఇంకొకటి. కడిగిన రంగునీళ్లు జలాశయంలో పోయకండి. హైదరాబాద్ నల్లాల్లోకి వచ్చే కృష్ణా నీళ్లు ఇక్కడివే.

లాంచీ మీద ఇంజన్ అదురుకు సన్నటి గీత నిలవదు. మోచేయి ఆనించకుండా చెయ్యి గాల్లో ఉంచి, కొండల అంచు మాత్రం ఒకే గీతలో లాగండి. పడవ కదులుతుంటే ఆ అంచు మారిపోతూ ఉంటుంది. దాన్ని దిద్దుతూ కూర్చోకుండా పేజీ మీద ఒకదాని కింద ఒకటి మూడు గీతలు వేయండి: దూరం నుంచి, సగం దారిలో, రేవు దగ్గర. దీవి పెద్దదవుతున్న సంగతి ఆ మూడు గీతలే చెప్తాయి.

బయట గీసేటప్పుడు సూర్యుడికి వీపు పెట్టి, కాగితం మీ నీడలో ఉండేలా కూర్చోండి. ఎండ పడ్డ తెల్లకాగితం కళ్లను మిరుమిట్లు గొలిపి, రంగులు ఉన్నదానికన్నా లేతగా కనిపిస్తాయి. దాంతో ముదురుగా వేస్తారు, ఇంటికొచ్చాక బొమ్మంతా నల్లగా ఉంటుంది. రంగు పూత ఎండకు గబగబా ఆరి అంచులు గట్టి గీతలుగా నిలిచిపోతాయి కాబట్టి ముందు కాగితాన్ని శుభ్రమైన నీళ్లతో తడిపి ఆపైన రంగు వేయండి. ఇరవై నిమిషాల్లో పెన్సిల్ పని తెమలకపోతే రంగు జోలికి పోవద్దు. పక్కన ఒక్క చిన్న ముక్క మీద రాయి రంగు, నీటి రంగు, ఆకు రంగు కలిపి నమూనా వేసుకుంటే చాలు.

ఈ రాయి రంగు కుదరడం కష్టం. పలనాటి సున్నపురాయిలో లేత ఆకుపచ్చ ఛాయ ఉంటుంది. నీలం, బర్న్‌ట్ సియెన్నా కలిపితే వచ్చే బూడిదరంగు ఒక్కటే వాడితే సిమెంటులా కనిపిస్తుంది. అందులో ఓకర్ కొంచెం, లెమన్ యెల్లో మొన మీద అంటినంత కలపండి. నీడల్లో మాత్రం పసుపు కలపకండి, నీడ మురికి పడుతుంది.

మ్యూజియంలో పెన్సిల్ మాత్రమే. గీసుకోవచ్చా అని లోపల సిబ్బందిని అడిగి మొదలుపెట్టండి. శిల్పం మీద కాగితం పెట్టి రుద్ది అచ్చు తీయడం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు, పిల్లలకు ముందే చెప్పండి. పట్టీ మొత్తం గీయాలని చూడకుండా ఒక్క గడి ఎంచుకోండి. మొదట దాని రెండు పక్కల స్తంభాలు, తర్వాత అందరికన్నా పెద్ద మనిషి, ఆపైన అతని వైపు వంగిన తలలు. ఈ శిల్పాల్లో మనుషులు ఒకరి వెనక ఒకరు కిక్కిరిసి ఉంటారు, కాబట్టి శరీరాల కన్నా వాటి మధ్యనున్న నీడల ఆకారాలు ముందు వేస్తే గుంపు దానంతటదే విడిపోతుంది. ముఖం అరిగిపోయి ఉంటే అరిగినట్టే వదిలేయండి. కళ్లూ ముక్కూ ఊహించి పెడితే ఆ ఒక్క ముఖమే క్యాలెండర్ బొమ్మలా మిగతావాటి నుంచి వేరుపడుతుంది.

సన్నటి గడులు మరిచిపోవద్దు. ఐదు నిమిషాల్లో, పని చేసుకుంటున్న ఇద్దరిని మూడోవారు గీయాలి. 1.5 అంగుళాల వెడల్పులో ఇద్దరు పట్టాలంటే ఒకరు ముందు, ఒకరు వెనక నిలబడాలి.

ఇంటికొచ్చాక

రెండు మూడు రోజుల్లోనే రంగులు పూర్తి చేయండి. ఆలస్యమైతే నమూనా ముక్క ఉన్నా ఏ రాయి ఏ వెలుగులో ఉందో గుర్తుండదు. విడి బొమ్మలను నాలుగంచులా జిగురు పెట్టి అతికించకండి, తేమకు కాగితం సాగి మధ్యలో ఉబ్బుతుంది. పై అంచుకు మాత్రం అర అంగుళం జిగురు చాలు. పిల్లల గీతను పెద్దలు దిద్దకూడదు. నాలుగు చేతులు నాలుగు రకాలుగా కనిపించడమే ఈ పుస్తకానికి బలం.

ప్రతి రెండు పేజీల మధ్య బటర్ పేపర్ పెట్టి మూయండి. వానాకాలంలో సిలికా జెల్ పొట్లాలు వేసిన డబ్బాలో ఉంచండి. అట్టలకు ఫెవికాల్ బదులు మైదా జిగురు వాడితే వెండిపురుగులు వస్తాయి, అందుకని ఆ జిగురు ఉడికేటప్పుడే చిటికెడు మైలుతుత్తం కలపాలి. అది విషం, ఆ గిన్నె మళ్లీ వంటకు వాడకూడదు. షోకేసులో విప్పి పెట్టాలనుకుంటే కిటికీ ఎండ తగలని గోడ చూసుకుని, నెలకోసారి వేరే పేజీలు తిప్పి పెట్టండి.