పన్ను తీయించుకుంటున్నారా? గుంటలోని రక్తపు గడ్డ జాగ్రత్త

పన్ను తీశాక ఎముకలో ఒక గుంట మిగులుతుంది. కాసేపట్లో అందులో రక్తం నిండి గడ్డకడుతుంది. కింది ఎముకనూ నరాల చివర్లనూ కప్పి ఉంచేది ఆ గడ్డే. కొత్త కండ పుట్టేది కూడా దాని ఆధారంతోనే. పన్ను తీశాక డాక్టరు చెప్పే జాగ్రత్తల్లో చాలావరకు ఆ గడ్డ ఊడిపోకుండా ఉండటానికే. అది తెలిస్తే ఏది ఎందుకు వద్దంటున్నారో ఇట్టే అర్థమవుతుంది.

అయితే జాగ్రత్త పడాల్సింది అంతకంటే ముందే. వాడుతున్న మందుల చీటీ, మాత్రల అట్టలు వెంట తీసుకెళ్లండి. నోటిమాటగా చెబుదామనుకుంటే ఒకటి రెండు మరిచిపోతారు. రక్తం పలచబడేందుకు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ వంటివి వాడేవాళ్లలో కొందరు, రక్తం ఆగదేమోనన్న భయంతో వాటిని తమంతట తామే మానేసి వస్తుంటారు. దయచేసి అలా చేయకండి. గుంటలోంచి వచ్చే రక్తాన్ని నొక్కిపట్టో, కుట్టు వేసో ఆపొచ్చు. మందు మానినందువల్ల గుండెలోనో మెదడులోనో రక్తనాళం పూడుకుపోతే ప్రాణం మీదికి వస్తుంది. మాత్ర కొనసాగించాలా, ఆపాలా అన్నది డాక్టర్లు తేల్చాలి. వార్ఫరిన్ వాడేవారికి ముందుగా, రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో తెలిపే ఐఎన్‌ఆర్ పరీక్ష చేయిస్తారు.

చాలామంది చెప్పకుండా వదిలేసేవి ఎముకలు గుల్లబారకుండా వాడే మందులు: అలెండ్రోనేట్ మాత్రలు, జోలెడ్రోనిక్ యాసిడ్, డెనోసుమాబ్ ఇంజెక్షన్లు. పంటికీ వీటికీ సంబంధమేమిటి అనుకుంటారు. ఇవి వాడేవారిలో కొద్దిమందికి పన్ను తీసిన చోట దవడ ఎముక మానకుండా చచ్చుబడుతుంది. ఏడాదికి ఒక్కసారి వేయించుకునే ఇంజెక్షనైనా సరే చెప్పాలి. తలకో మెడకో రేడియేషన్ చికిత్స జరిగి ఉంటే, ఎన్నేళ్లు గడిచినా ఆ సంగతి చెప్పాలి. గుండెలో కృత్రిమ కవాటం ఉన్నవారికి పన్ను తీయడానికి 30 నుంచి 60 నిమిషాల ముందు యాంటీబయాటిక్ ఇస్తారు. పెన్సిలిన్ పడకపోతే అదీ ముందే చెప్పండి. గర్భం ఉన్నా, ఉందేమోనని అనుమానమున్నా ఎక్స్‌రే తీయకముందే చెప్పాలి.

చిగురుకు మత్తు ఇంజెక్షన్ ఇచ్చి తీసే పన్నుకు ఖాళీ కడుపుతో వెళ్లకూడదు. తిని వెళ్లండి, లేకపోతే కళ్లు తిరగొచ్చు. షుగరు ఉన్నవారు ఉదయం సమయం అడిగి తీసుకుని, ఎప్పటిలాగే టిఫిన్ చేసి, మందు వేసుకుని వెళ్లడం మేలు. పూర్తి మత్తు ఇచ్చి చేసేటప్పుడు మాత్రమే ఉపవాసం అవసరం. ఎన్ని గంటలన్నది వాళ్లే చెబుతారు.

ఇంజెక్షన్ ఇచ్చాక ఒకటి రెండు నిమిషాలు గుండె దడగా అనిపించవచ్చు. మత్తుమందులో కలిపే అడ్రినలిన్ వల్ల అలా అవుతుంది. పన్ను కదుపుతున్నప్పుడు నొక్కుతున్నట్టు, లాగుతున్నట్టు తెలుస్తుంది, ఎముక విరుగుతున్నట్టు చప్పుడూ వినిపిస్తుంది. అది మామూలే. సూది గుచ్చినట్టు పదునైన నొప్పి పుడితే మాత్రం ఓర్చుకోకుండా చెయ్యి ఎత్తండి, ఇంకాస్త మత్తు ఇస్తారు. చీము పట్టిన చోట మత్తు సరిగా ఎక్కదు. అందుకే కొన్నిసార్లు ముందు చీము తీసి, పన్ను తర్వాత తీస్తారు.

పన్ను తీశాక గుంట మీద పెట్టిన గాజుగుడ్డను 30 నుంచి 45 నిమిషాలు గట్టిగా కొరికి పట్టుకోండి. రక్తం ఆగిందో లేదోనని మాటిమాటికీ తీసి చూస్తే ప్రతిసారీ గడ్డ చెదురుతుంది. ఉమ్మిలో కలిసిన కొద్దిపాటి రక్తం చూడటానికి చాలా ఎక్కువగా కనిపిస్తుంది. కంగారు పడకుండా మింగేయండి. మొదటి 24 గంటలు పుక్కిలించకూడదు, ఉమ్మకూడదు, స్ట్రాతో తాగకూడదు. నోట్లో గాలి గుంజే ప్రతి పనీ గడ్డను పైకి లాగుతుంది. పొగ తాగితే గుంజుడుతో పాటు నికోటిన్ వల్ల రక్తప్రసరణ కూడా తగ్గుతుంది. కనీసం 3 రోజులు సిగరెట్, బీడీ ముట్టకండి. ఆ రోజు చల్లారిన మెత్తటి ఆహారమే తినాలి, అదీ పెదవి తిమ్మిరి పూర్తిగా వదిలాకే. పిల్లలు ఆ తిమ్మిరిలో పెదవిని కొరికేసుకుంటారు, దగ్గరుండి చూడండి.

మర్నాటి నుంచి గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర టీస్పూను ఉప్పు వేసి, తిన్న ప్రతిసారీ నోట్లో పోసుకోండి. గట్టిగా పుక్కిలించకుండా తల అటూ ఇటూ వంచి, నీళ్లు వాటంతటవే జారేలా నోరు తెరవండి. వాపుకు మొదటి రోజు బయట నుంచి చెంప మీద ఐస్ పెట్టాలి, 15 నిమిషాలు పెట్టి 15 నిమిషాలు తీసేస్తూ. వాపు రెండో, మూడో రోజుకు బాగా పెరిగి, ఆ తర్వాత తగ్గుతుంది.

నొప్పి మాత్ర మొదటి మోతాదు మత్తు దిగకముందే వేసుకోవాలి. నొప్పి ముదిరాక వేసుకుంటే అది దారికి రావడానికి ఎక్కువసేపు పడుతుంది. కడుపులో పుండు, కిడ్నీ జబ్బు, ఆస్తమా ఉన్నవారు, రక్తం పలచబడే మందు వాడేవారు ఐబూప్రొఫెన్ తమంతట తాము వేసుకోకూడదు. ఆస్పిరిన్ బిళ్లను చిగురు మీద అదిమి పెట్టుకునే అలవాటు కొందరికి ఉంది. దానివల్ల నొప్పి తగ్గదు సరికదా, చిగురు కాలి తెల్లగా పొక్కుతుంది.

తగ్గుతూ వచ్చిన నొప్పి రెండో రోజుకో నాలుగో రోజుకో ఒక్కసారిగా పెరిగి, చెవి దాకా పాకి, నోరు దుర్వాసన కొడితే గడ్డ ఊడి ఎముక బయటపడిందని అనుమానించాలి. దీన్నే డ్రై సాకెట్ అంటారు. కింది దవడ జ్ఞానదంతం తీసినప్పుడు, పొగతాగేవారిలో ఇది ఎక్కువ. ఇంట్లో ఉన్న యాంటీబయాటిక్ మింగితే ఇది తగ్గదు. డాక్టరు గుంట కడిగి మందు దట్టిస్తే కొన్ని గంటల్లోనే ఉపశమనం ఉంటుంది.

పైదవడ వెనక పన్ను తీశాక తాగిన నీళ్లు ముక్కులోంచి వస్తే, పైన ఉన్న సైనస్‌కు, అంటే ముక్కు పక్కన ఎముకలో ఉండే గాలి గదికి, దారి పడిందన్నమాట. ముక్కు చీదకండి, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మండి, ఆ రోజే డాక్టరుకు చూపించండి. మర్నాటికీ పెదవి తిమ్మిరి వదలకపోయినా, గుడ్డ మార్చి గంటసేపు అదిమి పట్టినా రక్తం ఆగకపోయినా, మూడు రోజుల తర్వాత వాపు, జ్వరం పెరుగుతున్నా ఆలస్యం చేయకండి. నాలుక కింద ఉబ్బి మింగడం, ఊపిరి తీసుకోవడం కష్టమైతే దంతవైద్యుడి కోసం ఎదురుచూడకుండా నేరుగా ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లాలి.