చెల్లింపుల పేజీ తయారీ, అయిదో పాఠం: చిరునామాను యంత్రం చదివేలా రాయడం

నాలుగో పాఠం చివర మీకొక పని ఇచ్చాను. వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు అమ్మే ఒక ఊహా దుకాణానికి పేజీ తయారుచేసి, మీ టెస్ట్‌నెట్ వాలెట్ చిరునామాను అందులో పెట్టమన్నాను. టెస్ట్‌నెట్ అంటే విలువ లేని నాణేలతో సాధన చేసుకునే బిట్‌కాయిన్ నెట్‌వర్క్, వాలెట్ అంటే నాణేలను పంపే, అందుకునే యాప్, చిరునామా అంటే ఆ నాణేలు ఎక్కడికి రావాలో చెప్పే అక్షరాల వరుస. చాలామంది ఎలా పెట్టి ఉంటారో ఊహించగలను. ‘బిట్‌కాయిన్‌లో చెల్లించదలచినవారు ఈ కింది చిరునామాకు పంపగలరు’ అని ఒక వాక్యం రాసి, దాని కింద 42 అక్షరాల పొడవాటి వరుస పెట్టి ఉంటారు. ఉత్సాహం ఎక్కువైనవారు ఆ వరుసను రంగు రంగుల బొమ్మగా మార్చి ఉంటారు. మనిషి అయితే చదువుకుంటాడు. వాలెట్‌కు మాత్రం ఆ పేజీలో చెల్లింపు సమాచారమే లేదు. అక్కడ ఉన్నవి కొన్ని అక్షరాలు, లేదా ఒక బొమ్మ, అంతే.

హనుమకొండ చౌరస్తాలో టీ తాగి, డబ్బా మీద అతికించిన క్యూఆర్ కోడ్‌ను ఫోనుతో చూస్తాం. దుకాణదారు పేరు తెర మీదికి వస్తుంది, మనం పది రూపాయలు కొట్టి పంపేస్తాం. ఆ నల్ల గళ్లలో దాగి ఉన్నది ఒకే ఒక వరుస. మొదట యూపీఐ అనే మాట, కోలన్, రెండు స్లాష్‌లు, పే, ప్రశ్నార్థకం. తరువాత జతలు: పీఏ అంటే ఎవరికి, పీఎన్ అంటే వారి పేరు, ఏఎం అంటే ఎంత, సీయూ అంటే ఏ కరెన్సీ. 2016లో యూపీఐ మొదలైనప్పటి నుంచి మనం రోజూ వాడుతున్నది యంత్రం చదివే చెల్లింపు సమాచారమే. కాబట్టి ఈ పాఠంలో మీకు బొత్తిగా కొత్త విషయం ఏదీ లేదు.

మొదటి పాఠంలో పెట్టుకున్న నియమమే ఇక్కడా వర్తిస్తుంది. కోడ్‌ను నేను పలికినట్టు తెలుగులో రాస్తాను, మీరు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో టైపు చేస్తారు. పెద్ద అక్షరం కావలసిన చోట చెబుతాను.

బిట్‌కాయిన్‌కు కూడా ఇలాంటి వరుస ఉంది. ఆ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు నంబర్లు వేసి పెట్టుకునే ప్రతిపాదనల్లో 21వది దీన్ని ఖరారు చేసింది, అది 2012 నాటిది. బిట్‌కాయిన్ అనే మాట, కోలన్, వెంటనే చిరునామా. ఇక్కడ స్లాష్‌లు ఉండవు. యూపీఐ అలవాటు కొద్దీ రెండు స్లాష్‌లు పెట్టేవారు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు, తీసేయండి. చెప్పవలసింది ఇంకా ఉంటే ప్రశ్నార్థకం పెట్టి జతలు మొదలుపెట్టాలి. అమౌంట్ అంటే మొత్తం, లేబుల్ అంటే అందుకునేవారి పేరు, మెసేజ్ అంటే దేనికోసమో చెప్పే చిన్న మాట. జతకూ జతకూ మధ్య ఆంపర్‌సాండ్ గుర్తు వస్తుంది. ఈ వరుసను యాంకర్ ట్యాగ్‌లో హెచ్‌రెఫ్ విలువగా పెడితే అది లింకు అవుతుంది. మెయిల్ లింకు నొక్కితే మెయిల్ తెరుచుకున్నట్టే, ఇది నొక్కితే ఫోనులో ఉన్న వాలెట్ తెరుచుకుంటుంది. హెచ్‌టీఎంఎల్‌లో రాసేటప్పుడు ఆంపర్‌సాండ్‌ను మూడో పాఠంలో నేర్చుకున్నట్టు ఎస్కేప్ చేయడం మరవకండి.

వాలెట్‌కు తెలియని పేరుతో జత కనిపిస్తే దాన్ని వదిలేసి ముందుకు పోతుంది. కానీ ఆ పేరు ముందు ఆర్, ఈ, క్యూ అనే మూడు అక్షరాలూ ఒక అడ్డగీతా ఉంటే అలా వదలకూడదు. అర్థం కాకపోతే లింకు మొత్తాన్నీ తిరస్కరించాలి. ‘ఇది తెలిస్తేనే డబ్బు పంపు, తెలియకపోతే ఊరుకో’ అని చెప్పే పద్ధతి అన్నమాట. ఈ ప్రతిపాదనలో నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం ఇదే.

ఇక అమౌంట్. ఇక్కడ తొందరపడకండి.

ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి ధర ‘పద్నాలుగున్నర’ అంటే క్వింటాకు పద్నాలుగు వేల అయిదు వందలని రైతుకూ తెలుసు, అడ్తిదారుకూ తెలుసు. వేలు అన్న మాట ఎవరూ పలకరు. ఎదుటివాడికి తెలుసన్న నమ్మకం మీదే ఆ బేరం నడుస్తుంది. వాలెట్ దగ్గర ఆ నమ్మకం చెల్లదు. బిట్‌కాయిన్ వరుసలో అమౌంట్ ఎప్పుడూ పూర్తి బిట్‌కాయిన్ల లెక్కలోనే ఉండాలి, దశాంశ బిందువుతో, కామాలు లేకుండా. ఒక బిట్‌కాయిన్‌లో 10 కోట్ల సతోషీలు ఉంటాయి. మన జంపఖానా ధర 50,000 సతోషీలు అనుకుందాం. వరుసలో రాయవలసింది 0.0005. పొరపాటున 50000 అని రాస్తే మీరు అడిగినది యాభై వేల బిట్‌కాయిన్లు. అంత సొమ్ము మామూలు కొనుగోలుదారు దగ్గర ఉండదు కాబట్టి ఈ తప్పు బయటపడుతుంది. ఒక సున్నా అటూ ఇటూ అయితేనే ప్రమాదం, అది బయటపడదు, డబ్బు వెళ్లిపోతుంది. వెళ్లింది వెనక్కి తెప్పించడానికి ఇక్కడ బ్యాంకు మేనేజరు ఎవరూ ఉండరు.

బిట్‌కాయిన్ లాంటి మరో నెట్‌వర్క్ ఇథీరియం, దాని నాణెం ఈథర్. ఇథీరియం వరుసలో లెక్క తలకిందులు. దాని ప్రతిపాదన నంబరు 681. అక్కడ మొత్తాన్ని అతి చిన్న ప్రమాణమైన ‘వే’లలో చెప్పాలి, ఒక ఈథర్‌కు 1 పక్కన 18 సున్నాలు. బిట్‌కాయిన్ కోడ్‌ను కాపీ చేసి ఇథీరియంకు వాడుకుంటే ఏమవుతుందో మీరే ఊహించండి. రెండింటికీ ఒకే ఫంక్షన్ రాయకండి.

పేజీలో కనిపించే అంకెనూ యంత్రానికి కావలసిన అంకెనూ కలిపి ఉంచడానికి హెచ్‌టీఎంఎల్‌లో డేటా అనే ట్యాగ్ ఉంది. దీన్ని వాడేవారు తక్కువ, అది అన్యాయం. ట్యాగ్ లోపల ‘50,000 సతోషీలు’ అని మనిషి కోసం రాస్తాం. దాని వాల్యూ ఆట్రిబ్యూట్‌లో 0.0005 అని యంత్రం కోసం రాస్తాం. మనిషికి కామా కావాలి, యంత్రానికి వద్దు. ఇద్దరికీ సరిపోతుంది.

ఇప్పుడు నా తలనొప్పి కథ ఒకటి. తెలుగులో టైపు చేసేవారికే వచ్చే తలనొప్పి ఇది. ఇంగ్లీషు పాఠాల్లో ఇది కనిపించదు కాబట్టి వివరంగా చెబుతాను.

ఒకసారి నమూనా పేజీలో చిరునామా పెట్టి, వెంటనే ‘కు పంపండి’ అని తెలుగులో కొట్టాను. తరువాత ఆ చిరునామాను పేజీ నుంచి కాపీ చేసి వాలెట్‌లో అతికిస్తే ‘చిరునామా చెల్లదు’ అంది. వాలెట్ తెరనూ పేజీనూ పక్కపక్కన పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూశాను. ఒక్క తేడా లేదు. కాగితం మీద రాసుకుని లెక్కపెట్టాను, 42. మళ్లీ లెక్కపెట్టాను, 42. విసుగెత్తి బ్రౌజర్ కన్సోల్‌లో పొడవు అడిగితే 43 అని చెప్పింది.

ఆ నలభై మూడోది కంటికి కనిపించని అక్షరం. ‘బిట్‌కాయిన్’ అని తెలుగులో రాయాలంటే పొల్లు ట్ తరువాత కా ఒత్తుగా మారకుండా మధ్యలో ఒక అదృశ్య అక్షరం పెడతాం. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. ఫేస్‌బుక్, సాఫ్ట్‌వేర్, టెస్ట్‌నెట్ లాంటి మాటలు రాసీ రాసీ నా వేలు ఆ మీట మీదికి తనంతట తానే పోతుంది. చిరునామాకూ ‘కు’కూ మధ్య అలవాటుగా నొక్కేశాను. కాపీ చేసినప్పుడు అది చిరునామా తోకలా అంటుకుని వచ్చింది. వాలెట్ తిరస్కరించడం నా అదృష్టం.

అందుకని ఈ సిరీస్‌లో ఒక పద్ధతి పాటిద్దాం. చిరునామాకు తెలుగు విభక్తి తగిలించవద్దు. చిరునామా తన వరుసలో తాను ఒంటరిగా, కోడ్ ట్యాగ్ లోపల ఉంటుంది. ఆ ట్యాగ్‌కు ట్రాన్స్‌లేట్ అనే ఆట్రిబ్యూట్ ఇచ్చి, విలువ నో అని పెట్టండి. పేజీని తెలుగులోంచి ఇంకో భాషలోకి మార్చి చూసేవారి బ్రౌజర్‌కు, దీని జోలికి పోవద్దని చెప్పే గుర్తు అది.

ఫోనులో టైపు చేసేవారికి ఇంకో చిక్కు. వాక్యం మొదలనుకుని కీబోర్డు మొదటి అక్షరాన్ని పెద్దది చేస్తుంది. 2017లో వచ్చిన బెక్32 పద్ధతి చిరునామాలు అన్నీ చిన్న అక్షరాల్లోనైనా ఉండాలి, అన్నీ పెద్ద అక్షరాల్లోనైనా ఉండాలి. రెండూ కలిస్తే చెల్లవు. అసలు నెట్‌వర్క్‌లో ఇవి బీ, సీ, ఒకటి అని మొదలవుతాయి, మన టెస్ట్‌నెట్‌లో టీ, బీ, ఒకటి అని. మీ సాధన పేజీలో మొదటి రకం కనిపిస్తే వెంటనే తీసేయండి.

లేబుల్‌లో తెలుగు పెట్టవచ్చా? పెట్టవచ్చు, కానీ లింకులో తెలుగు అక్షరాలు ఉన్నవి ఉన్నట్టు ఉండవు, శాతం గుర్తులతో కోడ్‌గా మారతాయి. యూనికోడ్ లెక్కలో ‘వరంగల్’ ఆరు గుర్తులు: వ, ర, సున్నా, గ, ల, పొల్లు. ఒక్కొక్కటి మూడు బైట్లు. ఒక్కో బైటుకు శాతం గుర్తుతో కలిపి మూడేసి అక్షరాలు. ఆరు తొమ్ముదులు యాభై నాలుగు. ఊరి పేరే చిరునామా కన్నా పొడవైపోయింది! లింకుగా నొక్కితే ఇబ్బంది లేదు. దాన్నే క్యూఆర్‌గా అచ్చువేస్తే గళ్లు చిక్కబడి, పాత ఫోను కెమెరాలు గుర్తుపట్టలేక తడుముకుంటాయి. తెలుగు మీద అభిమానం ఉన్నవాణ్నే, అయినా లేబుల్ వరకు ఇంగ్లీషు అక్షరాల్లో పొట్టిగా రాయమంటాను. చెప్పవలసినదంతా తెలుగులో పేజీ మీద చెప్పుకోవచ్చు, అక్కడ చోటుకు కొదవ లేదు.

ఇంతవరకు చెప్పింది వాలెట్ కోసం. సెర్చ్ ఇంజన్లు చదివేది వేరు. వాటికోసం స్కీమా డాట్ ఆర్గ్ అనే ఉమ్మడి పదజాలం ఉంది, 2011లో గూగుల్, బింగ్, యాహూ కలిసి మొదలుపెట్టాయి. పేజీ తలభాగంలో స్క్రిప్ట్ ట్యాగ్ పెట్టి, దాని రకం జేసన్ ఎల్‌డీ అని చెప్పి, లోపల దుకాణం వివరాలు రాస్తాం. రకం స్టోర్, మొదటి అక్షరం పెద్దది. పేరు, ఊరు. తరువాత రెండు లక్షణాలు మనకు ముఖ్యం. కరెన్సీస్ యాక్సెప్టెడ్ (రెండు మాటలూ కలిపి, రెండో మాట మొదటి అక్షరం పెద్దది) విలువలో రూపాయికి ఐఎన్‌ఆర్, బిట్‌కాయిన్‌కు బీటీసీ, రెండూ పెద్ద అక్షరాల్లో. పేమెంట్ యాక్సెప్టెడ్‌లో నగదు, కార్డు, క్రిప్టోకరెన్సీ అని మాటల్లో రాస్తాం. ఇవి ‘మేము తీసుకుంటాం’ అన్నంత వరకే చెబుతాయి, ‘ఇక్కడికి పంపండి’ అని చెప్పవు. చిరునామాను ఇందులో ఎక్కడో ఇరికించాలని చూడకండి, దాని చోటు లింకే. జంపఖానా ధరను ఆఫర్ భాగంలో రూపాయల్లోనే రాయండి. బిట్‌కాయిన్ ధర పూటకో రకంగా ఉంటుంది. కదలని పేజీలో అమౌంట్ రాసి వదిలేస్తే సాయంత్రానికి అది తప్పుడు ధర. కొనుగోలుదారు బటన్ నొక్కిన క్షణాన లెక్కకట్టి వరుసలో చేర్చగలిగితే చేర్చండి, లేకపోతే అమౌంట్ లేకుండా వదిలేయడమే మేలు.

ఇప్పుడు మీ పేజీలో చిరునామా ఎన్నిచోట్ల ఉందో చూడండి. కోడ్ ట్యాగ్‌లో ఒకసారి, లింకులో ఒకసారి, క్యూఆర్ బొమ్మలో ఒకసారి. రేపు చిరునామా మారిస్తే ఏదో ఒకటి పాతదే మిగిలిపోతుంది, సాధారణంగా బొమ్మే. నేను చూసిన పేజీల్లో ఇదే ఎక్కువగా జరిగే తప్పు. చిరునామాను ఒక్కచోట మాత్రమే రాయండి. కోడ్ ట్యాగ్‌లో ఉన్నదాన్ని చిన్న స్క్రిప్టు చదివి, అటూ ఇటూ ఉన్న ఖాళీలను, అదృశ్య అక్షరాలను తీసేసి, దాని నుంచే లింకును, లింకు నుంచే క్యూఆర్‌ను పుట్టించాలి. అప్పుడు కంటికి కనిపించేదీ కెమెరాకు కనిపించేదీ ఒకటే అవుతాయి. మరో ఉపయోగం, ఎవరైనా సర్వర్‌లో చొరబడి చిరునామా మార్చినా మార్పు పేజీ మీద కంటపడుతుంది. బొమ్మలో మాత్రమే మారిస్తే మీరు నెలలు గడిచినా గమనించరు.

ఒకే చిరునామాను అందరికీ చూపడంలో ఇంకో సంగతి ఉంది. బిట్‌కాయిన్ లావాదేవీల ఖాతా పుస్తకం ప్రపంచానికంతటికీ తెరిచే ఉంటుంది. ఈ నెల కొత్తవాడ దుకాణానికి ఎంత వచ్చిందో పక్క దుకాణం వాళ్లు కూర్చున్న చోటే చూడగలరు. దీనికి మందు ఎనిమిదో పాఠంలో.

చట్టం సంగతి క్లుప్తంగా. క్రిప్టో మన దేశంలో చట్టబద్ధమైన చెలామణి కరెన్సీ కాదు. వాటి మీద వచ్చే లాభానికి 2022 ఏప్రిల్ 1 నుంచి 30 శాతం పన్ను, బదిలీల మీద అదే ఏడాది జూలై 1 నుంచి 1 శాతం టీడీఎస్ ఉన్నాయి. నిజమైన దుకాణానికి ఈ పేజీ పెట్టే ముందు ఆడిటరు దగ్గరికి వెళ్లండి. మనకు మాత్రం టెస్ట్‌నెట్ చాలు, అందులో నాణేలకు విలువ లేదు.

ఈ వారం పని: పైన చెప్పినట్టు పేజీని మార్చి రాయండి. తరువాత దాన్ని కావాలనే మూడు రకాలుగా చెడగొట్టండి. చిరునామా చివర అదృశ్య అక్షరం చేర్చండి, మధ్యలో ఒక అక్షరాన్ని పెద్దది చేయండి, అమౌంట్‌లో కామా పెట్టండి. ఒక్కోసారి లింకు నొక్కి, వాలెట్ ఏమందో, లేక ఏమీ అనకుండా ఊరుకుందో నోటుపుస్తకంలో రాసుకోండి. ఊరుకున్న వాలెట్ పేరు కింద గీత గీయండి. వచ్చే పాఠంలో ఆ నోటుపుస్తకం దగ్గర పెట్టుకుని కూర్చోండి, చిరునామాను మీ డొమైన్ పేరుకే కట్టి, మెయిల్ ఐడీలా పలకగలిగేలా చేసే పద్ధతిని అక్కడి నుంచి మొదలుపెడదాం.